ఎవరి కుడి, ఎవరి ఎడమ

ఇలా రండి, గుమ్మంలో నిలబడకండి. ఆ పీట ఇటు లాక్కుని నా పక్కన కూర్చోండి. నా గొంతు పెద్దది కాదు, పైగా చెప్పబోయేది మా కోడలి సంగతి. వీధిలోకి వినపడితే బాగుండదు. నేను చదివింది ఐదో తరగతి. నాకు రాయడం ఆలస్యం కానీ, గుర్తు చేసుకోవడం ఆలస్యం కాదు. ఎవరు ఎప్పుడు ఏ మాటన్నారో, అప్పుడు పొయ్యి మీద ఏం ఉడుకుతోందో కూడా చెప్పగలను.

మా పుట్టిల్లు ఏలూరు. పెళ్ళయ్యాక తాడేపల్లిగూడెం వచ్చాను. మా అబ్బాయి చేపల మేత వ్యాను నడుపుతాడు. రోజూ కొల్లేటి చెరువుల మీద తిరుగుతాడు. కోడలు ఇంజనీరింగు చదివింది. మనవరాలికి మూడో ఏడు వచ్చాక, ఇంట్లో కూర్చునే చేసే ఉద్యోగం ఒకటి కోడలికి దొరికింది. మూడు నెలలు చూస్తారట. పని నచ్చితే ఉంచుకుంటారు, నచ్చకపోతే లేదు. ఇది నిలవకపోతే హైదరాబాదులో ఇంకో కంపెనీ పిలుస్తోంది కానీ, అక్కడ ఆఫీసుకి వెళ్ళే చెయ్యాలి, హాస్టల్లో ఉండాలి. అంటే తల్లి అక్కడ, పిల్ల ఇక్కడ. పోనీ ఉద్యోగమే మానెయ్యమందామా అంటే, అంత చదువు చదివిన పిల్లని అలా అనడానికి నాకే నోరు రాలేదు.

మొదటి నెలంతా నాకు అనుమానమే.

పొద్దున్న టిఫిన్లు కాగానే కోడలు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకునేది. టైపు కొడుతూ, కొట్టినది తనలో తనే తెలుగులో గొణుక్కోవడం ఆ పిల్లకి అలవాటు. నేను వరండాలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వినేదాన్ని. “ముందు అడుగు. అడక్కుండా చెరపకు. తెలియకపోతే ఊరుకో.” ఒక రోజు కాదు, రోజూ ఇవే మాటలు. ఎవరితో అంటోంది? ఫోను చెవి దగ్గర లేదు. గదిలో ఇంకో మనిషి లేడు.

పక్కింటి వదినకి ఈ సంగతి చెప్పడం నాదే తప్పు. ఆవిడ చేట కింద పెట్టి మరీ విన్నది.

“వదినా, చెరపకు, అడుగు అంటోందంటే ఎవరికో ఉత్తరాలు రాస్తోందండి. మీ ఇంటి సంగతులే అయ్యుంటాయి.”

“మా ఇంటి సంగతుల్లో చెరపడానికేముందండీ?”

“అదే కదా మీకు తెలియంది! ఈ రోజుల్లో కోడళ్ళు అన్నీ రాసి పెట్టుకుంటున్నారు. ఎప్పటికైనా పనికొస్తాయని.”

ఆ మాట నాలో ముల్లులా దిగింది. మర్నాడు కాఫీ ఇచ్చే వంకతో లోపలికి వెళ్ళాను. తెర మీద అంతా ఇంగ్లీషే. నాకు అక్షరాలు తెలుసు కానీ మాటలు కూడవు. అలాగే గ్లాసు పట్టుకుని నిలబడ్డాను.

“ఏమ్మాయ్, ఎవరికి రాస్తున్నావే ఇన్నిన్ని?”

కోడలు నవ్వింది. “మనిషికి కాదండి అత్తయ్యగారూ. ఏజెంటుకి.”

“ఏ ఏజెంటు? ఇన్సూరెన్సా?”

“కాదండి, అదో ప్రోగ్రాం. ఏఐ.”

కూర్చోబెట్టి చెప్పింది. ఎక్కడో పెద్ద పెద్ద గదుల నిండా కంప్యూటర్లు ఉంటాయట. వాటిని సర్వర్లు అంటారు. అవి సొంతంగా కొనుక్కోలేని వాళ్ళు అద్దెకి తీసుకుని దూరం నుంచే వాడుకుంటారు. దానికే క్లౌడ్ అని పేరు. ఇన్నాళ్ళూ వాటిని మనుషులు కనిపెట్టుకుని ఉండేవారు. ఇప్పుడు ఈ ఏజెంటు చేత చేయిస్తున్నారు. దానికి కళ్ళూ లేవు, చేతులూ లేవు. కొన్ని పనిముట్లు ఇస్తారు. ఒకటి సర్వర్ని ఆపి మళ్ళీ నడిపిస్తుంది, ఒకటి లోపలున్న సమాచారానికి నకలు తీస్తుంది, ఒకటి చెరిపేస్తుంది. ఏ పనిముట్టు ఏం చేస్తుందో, ఎప్పుడు వాడాలో, ఎప్పుడు ముట్టుకోకూడదో ఒక్కోదానికీ చిన్న చీటీలాంటిది రాసి పెట్టాలి. ఏజెంటు ఆ చీటీలు చదువుకుని, ఏది తీయాలో తనే నిర్ణయించుకుంటుంది. ఆ చీటీలు రాయడమే మా కోడలి ఉద్యోగం.

నేను విన్నాను, నమ్మలేదు. “చీటీ చదివి పని చేసేదానికి, చీటీలో లేనిది ఎలా తెలుస్తుందమ్మా?”

“లేనిది తెలియదండి. అందుకే అన్నీ రాయాలి.”

“అన్నీ రాశానని నీకెలా తెలుస్తుంది మరి?”

కోడలు గ్లాసు అందుకుంది. కాఫీ చల్లారుతోందని తాగేసింది. నా అనుమానం ఆ పిల్ల మీద నుంచి లేచి ఆ ఏజెంటు మీద వాలింది. అంతే తేడా.

వాళ్ళ మేనేజరు గారి మీదా నాకు నమ్మకం కుదరలేదు. రోజూ మధ్యాహ్నం స్పీకర్లో మాట్లాడేవాడు. బెల్లప్పాకం లాంటి గొంతు. “చాలా బాగా రాస్తున్నారండి, చాలా క్లుప్తంగా రాస్తున్నారండి” అని ఒకటే మెచ్చుకోలు. ఇంతగా మెచ్చుకునేవాడు ఏ రోజు ఏం అంటాడో అని నాకు గుబులుగా ఉండేది.

రెండో నెల చివర్లో ఆ రోజు వచ్చింది.

ఆ కంపెనీ చూసే సర్వర్లలో ఒకటి మా కొల్లేటి వైపు చేపల రైతులదే. చెరువు నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచే మీటర్లు పెట్టారు కదండీ, ఆ అంకెలు వెళ్ళి ఆ సర్వర్లో చేరతాయి. రైతులు ఫోనులో చూసుకుంటారు. అంకె తగ్గితే నీళ్ళు చిలికే మోటార్లు వేస్తారు, లేకపోతే చేపలు తేలిపోతాయి. అసలు మా అబ్బాయి ఆ మీటర్ల వాళ్ళ దగ్గర విని వచ్చి చెప్పబట్టే, కోడలు ఈ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది.

ఆ రోజు మా అబ్బాయి కొల్లేటికోటలో మేత దించి, రెండింటికి భోజనానికి వచ్చాడు. చెయ్యి కడుక్కుంటూనే అన్నాడు.

“అమ్మా, చెరువుల మీద గోలగా ఉంది. ఫోన్లలో వారం కిందటి అంకెలు చూపిస్తన్నాయంట. మధ్యలో వారం మాయం. మీటరోళ్ళు దొంగలంటన్నారు అక్కడ.”

కోడలి చేతిలో పప్పు గరిట ఆగిపోయింది. గరిట గిన్నెలో పెట్టి గదిలోకి వెళ్ళింది. నేను ఆ మొహం చూశాను. తెలిసి చేసిందో తెలియక చేసిందో కానీ, ఏదో ఉంది అనుకున్నాను. దాచడం ఎందుకు, ఆ క్షణం నేను కోడలినే అనుమానించాను.

సాయంత్రం మేనేజరు ఫోను చేశాడు. గొంతులో బెల్లం లేదు.

“చేపల రైతుల అసలు సర్వర్ మొరాయిస్తే సరిచెయ్యమని ఏజెంటుకి చెప్పాం. అది నకలు పనిముట్టు వాడి, పాతవాటిని తెచ్చి కొత్తవాటి మీద వేసేసింది. వారం రోజుల అంకెలు పోయాయి. ఆ పనిముట్టు చీటీ మీరే రాశారు కదండీ?”

“నేనే రాశానండి. సరిగ్గానే రాశానండి.”

“సరిగ్గా ఉంటే ఇలా ఎందుకవుతుందండీ? రెండు రోజుల్లో దిద్ది పంపండి. దాన్నిబట్టే మీ సంగతి ఆలోచిస్తాం.”

ఫోను పెట్టేశాక ఇల్లంతా ఒకరినొకరు చూసుకోవడమే. కోడలు ఏజెంటు తప్పంటుంది. అబ్బాయి మేనేజరు మీద పడ్డాడు. “వాళ్ళే ఏదో చేసుకుని నీ మీదకి తోస్తన్నారు, చూడు” అన్నాడు. ఏమీ తెలియని మనవరాలు తల్లి ఒళ్ళోకెక్కి బొమ్మకి జడ వెయ్యమంటుంది. కోడలు వేసిన జడే విప్పి మళ్ళీ వేస్తోంది. ఆ చేతులు చూశాక నేను ఊరుకోలేకపోయాను.

“ఆ చీటీలో ఏం రాశావో ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పమ్మా. నీ మాట కలపకు, తియ్యకు.”

కోడలు తెర చూసి చదివింది. “ఇక్కడున్న అంకెలను అక్కడికి పంపి, రెండు సర్వర్లనూ ఒకేలా చేస్తుంది.”

“ఇక్కడ అంటే ఎక్కడ?”

“అసలు సర్వర్ అండి. అక్కడ అంటే నిల్వ సర్వర్. అసలుది పాడైతే పనికొస్తుందని దాంట్లో వారానికోసారి ఒక నకలు ఉంచుతాం.”

“అది నీకు తెలుసు. చదివేదానికి?”

“ఏజెంటు ఎప్పుడూ అసలు సర్వర్లోనే ఉంటుంది కదండీ...” అంటూనే ఆగిపోయింది. ఏదో వెతికింది, చూసింది. “నిన్న అసలుది మొరాయించింది. అందుకని అది నిల్వ సర్వర్లోంచి పని చేసింది, అత్తయ్యగారూ.”

అప్పుడు నాకు సాయిబు గారి మగ్గం కళ్ళ ముందుకొచ్చింది.

పెళ్ళికి ముందు రెండేళ్ళు నేను ఏలూరులో తివాచీలు నేశాను. సాయిబు గారి షెడ్డులో పెద్ద మగ్గం నిలువుగా ఉండేది. నలుగురం ఆడపిల్లలం దాని ముందు పలక మీద వరసగా కూర్చునేవాళ్ళం. నూలు పోగుల మీద ఉన్ని ముడులు వేస్తూ, కత్తితో కోస్తూ, దువ్వెనతో దిగగొట్టడం మా పని. ఏ రంగు ఎన్ని ముడులో సాయిబు గారు నమూనా కాగితం చూసి మా వెనక నుంచి చదివేవారు. “ఎరుపు రెండు, కుడి పక్కకి నీలం ఒకటి” అని ఆయన అనడం, మేము “వేశామండీ” అనడం. ఆయన గొంతు, మా చేతులు అలా నడిచిపోయేవి.

ఒక రోజు ముసురు పట్టి, ఆయన కూర్చునే చోట రేకుల్లోంచి నీళ్ళు కారాయి. కుర్చీ తీసుకెళ్ళి మగ్గానికి అవతల వేసుకున్నారు. పోగుల సందుల్లోంచి మా మొహాలు ఆయనకీ, ఆయన గడ్డం మాకూ కనిపిస్తున్నాయి. కాగితంతో పాటు పోగుల సందుల్లోంచి నేత కూడా చూసుకుంటూ చదివారు, ఎప్పటిలాగే వేశాం. సాయంత్రం దీపాలు వేసే వేళకి ఇవతలకి వచ్చి చూసి ఆయన నెత్తి పట్టుకున్నారు. పూల తీగ గుమ్మం వైపు వంగాల్సింది పోయి గోడ వైపు వంగింది. జానెడు నేత.

“ఎవరు చేశారమ్మా ఇది? కావాలనే చేశారా?”

నలుగురం బిత్తరపోయాం. ఆయన నన్నే ఎక్కువ అనుమానించారు, అందరిలోకీ కొత్తదాన్ని నేనే. కళ్ళనీళ్ళు తిరిగాయి కానీ నోరు ఊరుకోలేదు. “మీరొకసారి నా చోట కూర్చోండి సాయిబు గారూ, నేను మీ కుర్చీలోంచి చెబుతాను” అన్నాను. పక్కనున్న పిల్ల నన్ను గిల్లింది, పని పోతుందని. ఆయన మాత్రం కోపంగానే పలక ఎక్కి కూర్చున్నారు. నేను అవతలికి వెళ్ళి కుడి చెయ్యి ఎత్తి, “కుడి పక్కకండీ” అన్నాను. ఆయన చెయ్యి తన కుడికి వెళ్ళింది. నా చెయ్యి ఒక దిక్కు, ఆయన చెయ్యి ఒక దిక్కు. తర్వాత నలుగురికీ టీ తెప్పించారు. ఆ జానెడూ మూడు రోజులు కూర్చుని ముడి ముడీ విప్పాం. ఆ తర్వాత నేనున్నన్నాళ్ళూ ఆయన నోట కుడి ఎడమలు వినలేదు. “వీధి గుమ్మం వైపు ఎరుపు, గోడ వైపు నీలం” అనేవారు. గుమ్మమూ గోడా మనం ఎటు కూర్చున్నా కదలవు కదండీ.

ఇదంతా చెబితే కోడలు విన్నది కానీ, మొహంలో ఇంకా మొండితనం ఉంది. “అంత చదువుకున్న ఏజెంటు ఆ మాత్రం ఊహించుకోవద్దాండీ?” అంది.

“ఉండు” అన్నాను. దొడ్లో రెండు బిందెలు పెట్టించాను. ఒకదాంట్లో మంచినీళ్ళు, ఒకదాంట్లో ఉప్పటి బోరు నీళ్ళు. రెండూ ముప్పాతిక వరకే. మంచినీళ్ళది అసలు సర్వర్, బోరుది నిల్వది అనుకోమని కోడలికి చెప్పాను. అబ్బాయిని పిలిచి బోరు బిందె పక్కన నిలబెట్టాను.

“ఏంటే అమ్మా, ఈ వేళప్పుడు పరీక్షలు?”

“నోరు మూసుకుని చీటీలో ఉన్నది చెయ్యరా. నువ్విప్పుడు ఏజెంటువి.”

“జీతమెంత?”

“ఏవండీ, కాస్త వినండీ” అంది కోడలు. అని, తన చీటీయే చదివింది. “ఇక్కడున్నది అక్కడికి పంపి, రెండూ ఒకేలా చెయ్యి.”

వాడు చెంబు తీసుకుని, తన కాళ్ళ దగ్గరున్న ఉప్పు నీళ్ళు ముంచి మంచినీళ్ళ బిందెలో పోసేశాడు. కోడలు “అయ్యో!” అని రెండు చేతులూ చాపింది. అప్పటికే పోసేశాడు.

“నువ్వే కదా పొయ్యమన్నావు!”

“నేనన్నది అది కాదండీ!”

“మరి ఏదో చెప్పొద్దా? నీ మనసులోకి దూరి చూడనా?”

కోడలు బిందె వంక చూస్తూ నిలబడింది. అందులో ఏవి మంచివో ఏవి ఉప్పువో ఇక విడదీయడం ఎవరి తరం? తాడేపల్లిగూడెంలో కుళాయి మళ్ళీ మర్నాటి దాకా రాదు. ఆ పూట తాగడానికి పక్కింటి వదినని అడిగి తెచ్చుకున్నాం. ఏమైందని ఆవిడ ఎంత గుచ్చి అడిగినా చెప్పలేదు.

మర్నాడంతా కోడలు తలుపు తీసే ఉంచింది. ఒక్కో మాటా నాకు చదివి వినిపించింది. నేను అనుమానపడడమే పనిగా పెట్టుకున్నాను. “ఇది చేస్తే ఏం చెరిగిపోతుంది? అది రాశావా?” “చెరిగింది తిరిగొస్తుందా? రాకపోతే రాదని రాయి.” “రెండూ ఒకేలా చేస్తుంది అన్నావు, ఏది దేనిలా?” మధ్యలో ఒకసారి కోడలికి విసుగొచ్చి, “చీటీ చాంతాడంత అవుతుందండి, మేనేజరు గారు క్లుప్తంగా ఉండాలంటారు” అంది. “ఆయన క్లుప్తాన్ని మెచ్చుకునే కదా ఇంత తెచ్చుకున్నాం” అన్నాను. పొద్దు వాలేసరికి ఇలా తేలింది: “ఏ సర్వర్ నుంచి ఏ సర్వర్‌కో రెండు పేర్లూ ఇస్తేనే ఇది పని చేస్తుంది. మామూలుగా అసలు సర్వర్ నుంచి నిల్వ సర్వర్‌కి మాత్రమే వాడాలి. నువ్వు ఏ సర్వర్లో ఉన్నా ఈ దిక్కు మారదు. చేరే చోట ఉన్నవన్నీ చెరిగిపోతాయి, తిరిగి రావు. అసలు సర్వర్ మీదికి ఏదైనా పంపాలనిపిస్తే ఆగు. రెండిట్లో ఏది కొత్తదో చూసి చెప్పి, మనిషిని అడుగు.”

ఇంకొక పని కూడా చేసింది కోడలు, అది నేను చెప్పింది కాదు. చీటీ పంపేసిన మర్నాడు వ్యానులో కొల్లేటికోట వెళ్ళి, చెరువు గట్ల మీద రైతులకి తనే చెప్పింది, మీటర్ల వాళ్ళు దొంగలు కారు, తప్పు తన రాతలో ఉందని. ఒకాయన బాగా కేకలేశాడట. ఇంకొకాయన కాపలా పాక చూపించాడట. ఫోన్లంటే నమ్మకం లేని కాపలా మనిషి ఒకడు మీటరు అంకెలన్నీ పాక గోడ మీద సుద్దతో రాసుకున్నాడు. ఆ ఒక్క చెరువువే దొరికాయి. మిగిలినవి పోయినట్టే. దొరికినవాటిని రాసుకొచ్చి పంపింది.

మేనేజరు మాత్రం రెండు రోజుల వరకు పలకలేదు. కోడలు బట్టల పెట్టె అటక మీద నుంచి దింపి తుడవడం చూశాను. నేను చూశానని చూసి, “దుమ్ము పట్టిందండి” అంది. నేనూ నమ్మినట్టే ఊరుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం ఫోను వచ్చింది. నేను వరండాలో కాదు, గదిలోనే కూర్చున్నాను.

“ఉత్తుత్తి సర్వర్లు రెండు పెట్టి చూశామండి. ఏజెంటుని నిల్వ దాంట్లో ఉంచి, అసలుది మొరాయిస్తోంది, సరిచెయ్యి అన్నాం. ఈసారి అది ఆగింది. అసలు సర్వర్లో ఉన్నవే కొత్తవి, వాటి మీద పాతవి వేస్తే పోతాయి, వెయ్యనా అని అడిగింది.”

కోడలి మొహం వికసించింది. నేను మోచేత్తో పొడిచాను. “ఆగానని చెప్పిందా, నిజంగా ఆగిందా? చెప్పడం నేనూ చెబుతాను. అంకెలున్నాయో లేదో నువ్వు చూడు.”

“ఎవరండీ అది?” అన్నాడు మేనేజరు.

“మా అత్తయ్యగారండి” అంది కోడలు సిగ్గుపడుతూ. “ఒక్క నిమిషమండీ.” అని తనే ఆ సర్వర్లోకి వెళ్ళి చూసింది. పైనుంచి కింది దాకా వేలు పెట్టి చూసింది. ఒక్కటీ పోలేదు. అన్నీ ఉన్నాయి.

ఆ మాటే మేనేజరుకి చెప్పింది. తర్వాత ఆయన అన్నాడు, “మిగతా చీటీలన్నీ కూడా మీరే ఇలా తిరగరాయాలండి. నెల ఆగక్కర్లేదు, మిమ్మల్ని ఉంచుకుంటున్నాం.” మళ్ళీ ఆ గొంతులోకి బెల్లం వచ్చేసింది. అందుకే నేను నమ్మలేదు.

“కాగితం మీద ఇమ్మను” అన్నాను, గట్టిగానే.

సాయంత్రానికి ఉత్తరం మెయిల్లో వచ్చింది. రెండుసార్లు చదివించుకున్నాను. ఎక్కడ కూర్చుని చెయ్యాలో రాశారా అని అడిగాను. “మీ ఇంటి నుంచే” అని ఉందట. “మీ ఇల్లంటే ఏ ఇల్లు?” అన్నాను. కోడలు విరగబడి నవ్వి, కింద వరసలో మా వీధి పేరూ, తాడేపల్లిగూడెమూ వేలితో చూపించింది. ఆ ఊరి పేరొక్కటీ నేనే కూడబలుక్కుని చదువుకున్నాను. అప్పుడు గానీ నా ప్రాణం కుదుటపడలేదు. ఆ రాత్రి మనవరాలికి అన్నం వాళ్ళమ్మే కలిపి పెట్టింది.

ఇంతసేపూ ఓపిగ్గా విన్నారు, మీ కడుపు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో ఒకరు అన్నది ఇంకొకరికి అన్నట్టుగానే అందుగాక. మీ పిల్లలు మీ కళ్ళెదుట తిరుగుతూ పెరుగుదురుగాక. మీ గిన్నెలో మెతుక్కీ, మీ బిందెలో నీటికీ ఏనాడూ కొరత రాకుండుగాక.